పూత కాదు, ఊరడం: జెట్ ఇంజిన్ బ్లేడ్లని కాపాడే అల్యూమినియం సంగతి

ఈరోజు ఇంట్రో ఏమీ లేదు, డైరెక్ట్‌గా ఒక సంఘటనలోకి వెళ్ళిపోదాం.

2017 డిసెంబర్ 5. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి టోక్యో బయల్దేరిన ఎయిర్ న్యూజిలాండ్ వాళ్ళ బోయింగ్ 787. ఇంకా పైకి ఎక్కుతూనే ఉంది, ఒక ఇంజిన్‌లో తేడా వచ్చింది. పైలట్లు వెనక్కి తిప్పి ఆక్లాండ్‌లోనే దించేశారు. మర్నాడు, డిసెంబర్ 6. అదే ఎయిర్‌లైన్, అదే మోడల్ విమానం, అదే రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000 ఇంజిన్. ఈసారి వెళ్ళాల్సింది బ్యూనస్ ఐరిస్. మళ్ళీ ఇంజిన్‌లో తేడా, మళ్ళీ వెనక్కి. రెండూ క్షేమంగానే దిగాయి.

ఇంజిన్లు విప్పి చూస్తే రెండిట్లోనూ ఒకటే దృశ్యం. టర్బైన్‌లో ఒక బ్లేడ్ మెడ దగ్గర విరిగి ఊడిపోయింది. పక్షి తగల్లేదు, పైలట్ తప్పు లేదు. కారణం తుప్పు. అవును, మన గేటుకి పట్టే తుప్పు లాంటిదే, కాకపోతే వందల డిగ్రీల వేడిలో పట్టే రకం. అంతకు ముందు ఏడాది, అంటే 2016లో, జపాన్ ఏఎన్ఏ సంస్థ కూడా ఇదే ఇంజిన్‌లో ఇదే భాగం తుప్పు వల్ల ఫ్లైట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది.

ఇది చదివినప్పుడు నాకు వచ్చిన డౌట్ ఒక్కటే. అంత ఖరీదైన ఇంజిన్, అంత ఖరీదైన లోహం, దానికి తుప్పు పట్టకుండా ఏదో ఒకటి పూస్తారు కదా? పూస్తారు. ఆ పూసేదాని పేరు అల్యూమినైడ్ కోటింగ్. నేను చదివింది సీఎస్ఈ, మెటలర్జీ కాదు, అందుకని దీని గురించి కొన్ని వారాలు కూర్చుని చదివాను. చదివాక అర్థమైందేంటంటే, అసలు దాన్ని పూత అనడమే కరెక్ట్ కాదు. ఎందుకో చెప్తా.

ముందు వేడి సంగతి. జెట్ ఇంజిన్ గాలిని పీల్చి, గట్టిగా నొక్కి, అందులో ఇంధనం కాలుస్తుంది. ఆ మంట గాలి బయటికి పోతూ టర్బైన్ బ్లేడ్లని తిప్పుతుంది. ఇప్పటి పెద్ద ఇంజిన్లలో టర్బైన్‌లోకి దూసుకొచ్చే గాలి 1500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. బ్లేడ్ తయారయ్యేది నికెల్ మిశ్రమంతో. నికెల్ కరిగేది 1455 డిగ్రీల దగ్గర. లెక్క ప్రకారం బ్లేడ్ నెయ్యిలా కారిపోవాలి. కారిపోకపోవడానికి కారణం, బ్లేడ్ లోపల డొల్లగా ఉంటుంది, అందులోంచి కొంచెం చల్లటి గాలి తోస్తారు, పైన సన్నటి రంధ్రాల్లోంచి ఆ గాలి బయటికొచ్చి దుప్పటిలా కప్పుకుంటుంది. అలా లోహాన్ని సుమారు 1000, 1100 డిగ్రీల లోపు ఉంచుతారు.

కరగదు సరే. కానీ ఆ వేడిలో ఆక్సిజన్ ఊరుకోదు. లోహాన్ని తినేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. 1940ల నాటి తొలి నికెల్ మిశ్రమాలు, నిమోనిక్ లాంటివి, సుమారు 20 శాతం క్రోమియంతో ఉండేవి. స్టీలు గిన్నె తుప్పు పట్టకపోవడానికి కారణం క్రోమియమే, అదే ఇక్కడా కాపాడేది. తర్వాత ఇంజనీర్లకి ఇంకా బలమైన లోహం కావాల్సి వచ్చింది. బలం పెంచే మూలకాలకి చోటివ్వాలంటే క్రోమియం తగ్గించాలి. ఇప్పుడు బాగా వాడే సీఎంఎస్ఎక్స్-4 అనే మిశ్రమంలో క్రోమియం 6.5 శాతమే. పైగా 1000 డిగ్రీలు దాటాక క్రోమియం ఆక్సైడ్ పొర ఆవిరైపోతూ ఉంటుంది కూడా. అంటే బలం పెరిగింది, ఒంటి మీద చొక్కా పోయింది. 1950ల నుంచి టర్బైన్ బ్లేడ్లకి బయటి నుంచి రక్షణ ఇవ్వడం మొదలైంది ఈ ఒత్తిడి వల్లే.

ఆ రక్షణ ఇచ్చే పదార్థం మీకు బాగా తెలిసిందే. అల్యూమినియం ఆక్సైడ్, దాన్నే అల్యూమినా అంటారు. మీ ఫోన్ ఫ్రేమ్ అల్యూమినియందైతే, మీ వేలు తగులుతున్నది నిజానికి అల్యూమినియంకి కాదు, దాని మీద కావాలని పెంచిన అల్యూమినా పొరకి. కొన్ని ఫోన్ల కెమెరా మీద, ఖరీదైన వాచీల మీద ఉండే సఫైర్ గ్లాస్ కూడా అల్యూమినానే. ఉంగరంలో నీలం, కెంపు, రెండూ అల్యూమినానే, రంగు మాత్రం కొద్దిపాటి ఇతర మూలకాల వల్ల వస్తుంది. ఈ ఖనిజానికి ఇంగ్లిష్‌లో కోరండం అని పేరు. ఆ పేరు వెళ్ళింది మన దగ్గర్నుంచే. తమిళంలో కురుందం, మనకి కురువిందం. ఇది తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

ఇనుము తుప్పుకీ అల్యూమినాకీ తేడా చూడండి. ఇనుము తుప్పు వదులుగా, పొడిపొడిగా ఉంటుంది. దాని సందుల్లోంచి గాలి, తేమ లోపలికి పోతూనే ఉంటాయి, కింద ఇనుము అరుగుతూనే ఉంటుంది. అల్యూమినా అలా కాదు. బిగుతుగా అతుక్కుంటుంది, 2072 డిగ్రీల దాకా కరగదు, అందులోంచి ఆక్సిజన్ దూరి వెళ్ళడం చాలా చాలా నెమ్మది. అందుకే ఒకసారి కొన్ని మైక్రాన్ల పొర ఏర్పడ్డాక, ఇక దాని పెరుగుదలే నత్తనడక అవుతుంది. ఇంకా మంచి గుణం, పొర ఎక్కడైనా పెచ్చు ఊడితే కింద అల్యూమినియం ఉంటే చాలు, అక్కడ మళ్ళీ పొర దానంతట అదే కట్టుకుంటుంది.

ఈ 'కింద అల్యూమినియం ఉంటే చాలు' అన్న మాట గుర్తు పెట్టుకోండి. మొత్తం కథ దాని మీదే నడుస్తుంది.

బ్లేడ్ మిశ్రమంలో అల్యూమినియం ఉంటుంది, 5, 6 శాతం దాకా. ఎక్కువసార్లు పొర ఊడి మళ్ళీ కట్టుకోవాలంటే అది చాలదు. పోనీ మిశ్రమంలోనే 30 శాతం వేసేస్తే? బ్లేడ్ పెళుసైపోతుంది, గాజులా పగులుతుంది. కాబట్టి లోపలంతా బలమైన మిశ్రమం ఉండాలి, పై చర్మంలో మాత్రం అల్యూమినియం దండిగా ఉండాలి. మరి అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర, దాన్ని ఊరికే పైన పూస్తే ఇంజిన్‌లో కరిగి కారుతుంది కదా? అందుకే పూయరు. ఊరబెడతారు.

ఆవకాయ జాడీ తలుచుకోండి. ముక్కల్ని కారం, ఉప్పు, ఆవపిండిలో కప్పెట్టి మూత పెడతాం. కొన్నాళ్ళకి ఉప్పు ముక్కలోకి పోతుంది, ముక్కలో నీరు బయటికొస్తుంది. మూడో రోజుకీ నెల రోజులకీ ముక్క మారిపోతుంది. పైన కారం కడిగేసినా ముక్క మళ్ళీ పచ్చి మామిడికాయ అవదు. అల్యూమినైడ్ చేసే పాత పద్ధతి, ప్యాక్ సిమెంటేషన్ అంటారు, అచ్చం ఇదే. పేరులో సిమెంట్ ఉంది కానీ ఇళ్ళు కట్టే సిమెంట్‌కి సంబంధం లేదు. వేడి తట్టుకునే పెట్టెలో పొడి నింపి, బ్లేడ్లని ఆ పొడిలో కప్పెట్టి, మూత బిగించి, గాలి లేకుండా ఆర్గాన్ లాంటి వాయువు పంపుతూ, గంటల తరబడి కాలుస్తారు. వేడి 700 నుంచి 1100 డిగ్రీల మధ్య.

పొడిలో మూడు ఉంటాయి. ఎక్కువ భాగం అల్యూమినా పొడి, అది ఏమీ చేయదు, మిగతావి ముద్దకట్టకుండా చూస్తుంది. కొంచెం అల్యూమినియం, లేదా దాని మిశ్రమం పొడి. ఇక మూడోది చిటికెడు, చాలాసార్లు అమ్మోనియం క్లోరైడ్. దీని తెలుగు పేరు నవసాగరం, కొన్ని ఊళ్ళలో నవసారం. ఇదివరకు వీధుల్లోకి కళాయివాళ్ళు వచ్చేవారు, ఇత్తడి గిన్నెలు కాల్చి, తగరం రాసి తెల్లగా మెరిపించేవాళ్ళు. గిన్నె మీద ఒక పొడి చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొడి నవసాగరమే. మీ అమ్మమ్మని అడగండి, చెప్తుంది. కళాయిలో దాని పని లోహం పైన ఉన్న మలినాన్ని శుభ్రం చేయడం. ఇక్కడ దాని పని డెలివరీ.

డెలివరీ అంటే నిజంగానే డెలివరీ. వేడికి నవసాగరం విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఇస్తుంది. అది పొడిలో ఉన్న అల్యూమినియంతో కలిసి అల్యూమినియం క్లోరైడ్ ఆవిరి అవుతుంది. ఈ ఆవిరి డెలివరీ బాయ్ లాగా బ్లేడ్ దాకా వెళ్ళి, అల్యూమినియంని అక్కడ దించేసి, ఖాళీ బ్యాగుతో వెనక్కొచ్చి మళ్ళీ ఇంకో ఆర్డర్ ఎత్తుకుంటుంది. అందుకే క్లోరైడ్ చిటికెడు చాలు. దిగిన అల్యూమినియం పైన కూర్చోదు. ఆ వేడిలో నికెల్‌లోకి దూరిపోతుంది, నికెల్ దానికి ఎదురొస్తుంది, రెండూ కలిసి నికెల్ అల్యూమినైడ్ అనే కొత్త సమ్మేళనం పుడుతుంది. రెండు లోహాల అణువులూ సమానంగా ఉంటే, బరువులో 31 శాతానికి పైగా అల్యూమినియమే. ఇంత అల్యూమినియం ఉండి కూడా ఇది కరిగేది సుమారు 1640 డిగ్రీల దగ్గర, అంటే నికెల్ కంటే, అల్యూమినియం కంటే, రెండిటికంటే ఎక్కువ. నాకైతే ఇది మ్యాజిక్‌లానే ఉంది.

ఊరడంలో రెండు రకాలు. పొడిలో అల్యూమినియం జోరు ఎక్కువుంటే అదే లోపలికి చొచ్చుకుపోతుంది. జోరు తక్కువ పెట్టి వేడి ఎక్కువ పెడితే, నికెల్ బయటికి నడిచొచ్చి అల్యూమినియంని కలుస్తుంది. ముక్కలోకి ఉప్పు పోవడం, ముక్క నుంచి నీరు రావడం లాంటి తేడా. రెండో రకంలో పైపొర శుభ్రంగా వస్తుంది. ఇప్పుడు చాలాచోట్ల పొడిలో కప్పెట్టకుండా ఆ ఆవిరి ఒక్కటే బ్లేడ్ మీదకి పంపుతారు, దాంతో బ్లేడ్ లోపలి గాలి దారుల్లోకి కూడా రక్షణ వెళ్తుంది. స్ప్రే గన్‌తో అక్కడిదాకా ఎవడు వెళ్తాడు?

ఇంతా చేసి వచ్చే పొర మందం ఎంత? మామూలుగా 30 నుంచి 75 మైక్రాన్లు. ఏ4 కాగితం సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది. దానికంటే పల్చన.

ఈ విద్య విమానాల కోసం పుట్టింది కాదు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు దీన్ని కేలరైజింగ్ అన్నారు. జెట్ ఇంజిన్ అప్పటికి ఇంకా పుట్టనే లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ పొర గోడ కాదు, బ్యాంక్ బ్యాలెన్స్. ఎలాగో చూడండి. విమానం ఎగిరినప్పుడు బ్లేడ్ వేడెక్కుతుంది, దిగినప్పుడు చల్లారుతుంది. చల్లారేటప్పుడు లోహం ఎక్కువ ముడుచుకుంటుంది, పైన అల్యూమినా తక్కువ ముడుచుకుంటుంది. కింద నేల కుంచించుకుపోతుంటే పైన తివాచీ ఏమవుతుంది? ముడతపడి పైకి లేస్తుంది. అలా అల్యూమినా అక్కడక్కడా పెచ్చులుగా రాలిపోతుంది. తర్వాతి ఫ్లైట్‌లో కింద ఉన్న అల్యూమినియం పైకొచ్చి ఆ పెచ్చు పూడుస్తుంది. అది ఒక విత్‌డ్రాయల్. ఇంకో ఫ్లైట్, ఇంకో విత్‌డ్రాయల్. మరోపక్క కోటింగ్‌లోని అల్యూమినియం బ్లేడ్ లోపలికి కూడా మెల్లగా ఇంకిపోతూ ఉంటుంది, ఎందుకంటే ఊరడం పెట్టె దగ్గర ఆగిపోలేదు, ఇంజిన్ వేడిలో అది కొనసాగుతూనే ఉంది. ఇది ఎవరూ అడగని ఆటో డెబిట్. అలా అల్యూమినియం తగ్గుతూ తగ్గుతూ ఒక హద్దు కిందకి పోయాక, పెచ్చు ఊడిన చోట అల్యూమినా కట్టుకోలేదు. నికెల్ ఆక్సైడ్ లాంటివి కడతాయి, అవి వేగంగా పెరుగుతాయి. అక్కడి నుంచి తిండి మొదలు.

అందుకే ఒకే కోటింగ్ ఉన్నా వాడకాన్ని బట్టి ఆయుష్షు మారిపోతుంది. కరెంటు ప్లాంట్‌లో ఆపకుండా రోజుల తరబడి తిరిగే గ్యాస్ టర్బైన్‌కి వేడి చల్లార్పుల చక్రాలు తక్కువ. చిన్న చిన్న దూరాలు రోజుకి చాలాసార్లు తిరిగే విమానానికి ఎక్కువ. గంటలు ఒకటే అయినా ఖాతా ఖాళీ అయ్యే స్పీడ్ వేరు.

పెచ్చులు ఊడటం తగ్గించడానికి 1970ల నుంచి ఇంకో ఉపాయం వాడుతున్నారు. ముందు బ్లేడ్ మీద 5 నుంచి 10 మైక్రాన్ల ప్లాటినం పూత వేసి, తర్వాత అల్యూమినియంలో ఊరబెడతారు. ప్లాటినం ఉంటే అల్యూమినా గట్టిగా పట్టుకుంటుంది. నగల షాపులో అమ్మే ప్లాటినమే. ఖరీదు ఎంత ఉన్నా విమానాల్లో గిట్టుబాటు అవుతుంది. ఇప్పటి బ్లేడ్ల మీద కనిపించే తెల్లటి సెరామిక్ పొర, జిర్కోనియాది, చాలా ఇంజిన్లలో ఈ ప్లాటినం అల్యూమినైడ్ మీదే కూర్చుంటుంది. సెరామిక్ వేడిని ఆపుతుంది, ఆక్సిజన్‌ని ఆపలేదు. ఆక్సిజన్‌ని ఆపేది కింద ఉన్న ఈ ఊరిన పొరే.

సరే, మరి ఆక్లాండ్ విమానాల్లో బ్లేడ్ మెడ దగ్గర ఎందుకు విరిగింది? అక్కడ వేడి తక్కువ కదా?

వేడి తక్కువ కాబట్టే. ఇది నాకు చాలా ఆశ్చర్యం వేసిన భాగం. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఇంధనంలో కొంచెం గంధకం ఉంటుంది. రెండూ కలిస్తే సోడియం సల్ఫేట్ తయారై బ్లేడ్ మీద పేరుకుంటుంది. గట్టిగా ఉన్నంతసేపు పెద్ద ప్రమాదం లేదు, కరిగితేనే డేంజర్. అది కరిగేది 884 డిగ్రీల దగ్గర. కాబట్టి 900 చుట్టుపక్కల కరిగిన ఉప్పు అల్యూమినాని కరిగించేస్తుంది, ఇది ఒక రకం దాడి. బ్లేడ్ రెక్క దగ్గర వేడి మరీ ఎక్కువైతే ఆ ఉప్పు ఆవిరైపోతుంది, నిలవదు. మెడ దగ్గర 700 డిగ్రీల్లో కరగకూడదు. కానీ అక్కడ నికెల్ సల్ఫేట్‌తో కలిస్తే ఆ మిశ్రమం 670 దగ్గరే కరుగుతుంది. కుల్ఫీవాళ్ళు ఐస్‌లో ఉప్పు వేస్తారు చూడండి, ఉప్పు కలిస్తే ఐస్ ఇంకా తక్కువ వేడికే కరుగుతుంది, అదే సూత్రం. అలా కరిగిన ఉప్పు చిన్న చిన్న గుంటలు తవ్వుతుంది. బ్లేడ్ తిరిగేటప్పుడు మొత్తం లాగుడు మోసేది మెడే. గుంట దగ్గర పగులు మొదలవుతుంది, ప్రతి ఫ్లైట్‌కీ కొంచెం పెరుగుతుంది, ఒకరోజు తెగుతుంది.

అయితే అక్కడ కూడా అల్యూమినైడ్ దట్టంగా పట్టిస్తే పోలా? పోదు. నికెల్ అల్యూమినైడ్ సుమారు 600, 700 డిగ్రీల కిందకి వస్తే గాజులా పెళుసు. రెక్క ఎప్పుడూ వేడిగా ఉంటుంది కాబట్టి అక్కడ సరిపోతుంది. కింద, డిస్క్‌లో ఇరుక్కునే వేరు భాగంలో వేడి తక్కువ, లాగుడు ఎక్కువ. అక్కడ కోటింగ్ పగిలితే ఆ పగులు నేరుగా లోహంలోకి దిగుతుంది. అందుకని వేరు భాగాన్ని కోటింగ్ పడకుండా మూసేసి ఊరబెడతారు. మధ్యలో మెడ. పైన ఉన్న మందు దానికి పడదు, కింద ఉన్న చల్లదనం దానికి లేదు. ఇలాంటి చోట్లకి అల్యూమినియం కంటే క్రోమియం మేలు, దాన్ని కూడా ఇదే పద్ధతిలో ఊరబెట్టొచ్చు. ట్రెంట్ 1000 విషయంలో కంపెనీ చివరికి బ్లేడ్‌నే కొత్తగా డిజైన్ చేసి మార్చాల్సి వచ్చింది.

కోటింగ్ అయిపోయిన బ్లేడ్‌ని పారేయరు. అంత డబ్బు ఎవరూ వదులుకోరు. యాసిడ్‌లో ముంచి పాత పొర తీసేసి, మళ్ళీ ఊరబెడతారు. కానీ ఇది ఊరిన పొర కదా, రంగు కాదు. పొర తీస్తే దానిలో కలిసిపోయిన బ్లేడ్ లోహం కూడా కొంత పోతుంది. డొల్ల బ్లేడ్ గోడ ముందే పల్చన. కాబట్టి ఎన్నిసార్లైనా చేయడానికి లేదు, గోడ మందం కొలిచి, ఇక చాలు అన్నచోట ఆ బ్లేడ్ రిటైర్. గోడకి రంగులు మార్చినట్టు మార్చడం కుదరదు.

ఇదంతా ఎక్కడో జరిగేది అనుకోకండి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఎంఆర్ఎల్ ఉంది, డీఆర్డీఓ వాళ్ళ లోహ పరిశోధన సంస్థ. అదే కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది, నికెల్ సూపర్ అల్లాయ్స్ తయారుచేసే ప్రభుత్వ కంపెనీ. 2021 ఏప్రిల్‌లో డీఎంఆర్ఎల్ సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లు, అంటే మొత్తం బ్లేడ్ ఒకే స్ఫటికంగా పోత పోసినవి, 60 తయారుచేసి హెలికాప్టర్ ఇంజిన్ కోసం హెచ్ఏఎల్‌కి ఇచ్చింది. ప్లాటినం అల్యూమినైడ్ కోటింగ్స్ మీద కూడా అక్కడి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి పరిశోధన పత్రాలు రాస్తున్నారు. 2023 జూన్‌లో హెచ్ఏఎల్, జీఈ కంపెనీల మధ్య ఎఫ్414 యుద్ధ విమాన ఇంజిన్ గురించి ఒప్పందం కుదిరినప్పుడు, మనకి ఇవ్వబోయే టెక్నాలజీల గురించి వచ్చిన వార్తల్లో టర్బైన్ బ్లేడ్ల కోటింగ్ పేరు ప్రత్యేకంగా కనిపించింది. బ్లేడ్ ఆకారం ఫోటో తీసి కాపీ కొట్టొచ్చు. పొడిలో ఏం పాళ్ళు కలపాలి, ఎన్ని గంటలు, ఎంత వేడి, ఏ మూలకం మిల్లిగ్రాముల్లో వేస్తే పొర రాలకుండా ఉంటుంది, ఇవి ఫోటోలో రావు. అవి ఎవరూ ఊరికే చెప్పరు.

మెటలర్జీ చదువుతున్నవాళ్ళెవరైనా ఇది చూస్తుంటే, మీ బ్రాంచ్‌కి ప్లేస్‌మెంట్స్ లేవని ఏడిపించే మా సీఎస్ఈ బ్యాచ్‌కి ఈ ఎపిసోడ్ లింక్ పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో పైన ఉండే ఆ తెల్లటి సెరామిక్ పొర గురించి, అగ్నిపర్వతం బూడిద దాని మీద పడితే ఏమవుతుందో మాట్లాడుకుందాం. ఉంటా మరి.